శ్రమదానము

బౌద్ధమతమన్నంతనే మన కన్నులకు కట్టునవి అమరావతి శిల్పములు, నాగార్జునకొండ విహారముల శిథిలములు, అరమోడ్పు కన్నులతో ధ్యానమందున్న తథాగతుని విగ్రహము. పారయు, గడ్డపారయు, మట్టితట్టయు మనకు స్ఫురింపవు. కాని మన పొరుగుననున్న శ్రీలంకలో ఈ పనిముట్లతోనే ధర్మమును ఆచరించు బౌద్ధోద్యమమొకటి 1958వ సంవత్సరమున పుట్టినది. దాని పేరు సర్వోదయ శ్రమదానోద్యమము. కలిసి పనిచేయుట, కలిసి భుజించుట, కలిసి ధ్యానించుట, కలిసి ఆలోచించుట అను నాలుగు అలవాట్లపై ఈ ఉద్యమము నిలిచినది. చూచుటకివి చిన్న విషయములే. అయినను ఇవి యెంత కష్టమైనవో, యెంత శక్తి గలవో ఆ ఉద్యమచరిత్ర మనకు తెలుపుచున్నది.

కొలంబో నగరమున నాలందా కళాశాల యను విద్యాలయము కలదు. పేరునకు కళాశాలయైనను అది బాలురు చదువుకొను బౌద్ధ పాఠశాల. అందు ఆరియరత్నె యను యువకుడు ఉపాధ్యాయుడుగా నుండెను. ఆయన 1931వ సంవత్సరమున శ్రీలంక దక్షిణతీరమునగల గాల్ పట్టణమునకు చేరువనున్న ఉనవటున గ్రామమున జన్మించెను. పల్లెలో పుట్టి పెరిగిన ఆ ఉపాధ్యాయునకు ఒక చింత కలిగెను. దేశమున అత్యధికులు పల్లెలలో నివసించుచున్నారు. నగరమున చదువుకొను బాలురకో, పల్లెబ్రతుకు పుస్తకములందలి మాటయే. ఇట్టి చదువుతో రేపు అధికారులై, నాయకులై వీరు ప్రజలకేమి మేలు చేయగలరు? సెలవులలో విద్యార్థులను ఒక పల్లెకు తోడుకొనిపోయి, ఆ ఊరివారితో కలిసి పనిచేయించవలెనని ఆయన నిశ్చయించెను.

వారెన్నుకొనిన ఊరు కనతొలువ. అది రొడియలను కులమువారి పల్లె. పుట్టుకవలన ఎవ్వడును గొప్పవాడు కాడనియు, నడతచేతనే మానవుడు గొప్పవాడగుననియు బుద్ధభగవానుడు బోధించెను. ఆ బోధను రెండువేల సంవత్సరములకు పైగా కాపాడుకొనివచ్చిన శ్రీలంకలో సైతము కులభేదములు వేరూని నిలిచినవి. అందరికంటె అడుగున నిలుపబడినవారు రొడియలు. భిక్షమెత్తుకొని బ్రతుకుటయే వారికి లోకము విధించిన వృత్తి. ఇతరులు వారిని తమ యిండ్లలోనికి రానీయకుండిరి. వారు తాకినదానిని భుజింపకుండిరి.

1958వ సంవత్సరము డిసెంబరు మాసమున నాలందా విద్యార్థులును, ఉపాధ్యాయులును ఆ ఊరికి వెళ్లిరి. ఊరివారి పూరిండ్లలోనే బసచేసిరి. వారితో కలిసి నూతులు త్రవ్విరి, మరుగుదొడ్లు కట్టిరి, పెరళ్లలో మొక్కలు నాటిరి. పగలెల్ల పనిచేసి, సాయంకాలమున ఊరివారితో కూర్చుండి పాటలు పాడుకొనిరి, మంచిచెడ్డలు ముచ్చటించుకొనిరి. వారు వండినది తినిరి. వారు తెచ్చిన నీరు త్రాగిరి.

“ఒకరి యింట అన్నము తినుటలో గొప్పయేమున్నది? నుయ్యి త్రవ్వుటయే గదా అసలైన సాయము!” అని మీరనుకొనవచ్చును. కొంచెమాలోచింపుడు. బౌద్ధులకు పుణ్యకార్యములలో మొట్టమొదటిది దానము. భిక్షువునకు పిడికెడన్నము పెట్టిన పేదరాలును పుణ్యాత్మురాలే. కాని యెవరి చేతినీళ్లు ఎవ్వరును త్రాగరో, అట్టివారు ఎవరికేమి యీయగలరు? జీవితమంతయు పుచ్చుకొనుటయే తప్ప ఇచ్చుట యెరుగని బ్రతుకు వారిది. వారి ముంతలోని నీటిని ఒక విద్యార్థి చేయిచాచి యందుకొనిన నాడు వారును దాతలైరి. త్రవ్విన నూతులకంటె ఇది పెద్ద మేలు. విద్యార్థులు శ్రమను దానముచేసిరి. ఊరివారు ఆతిథ్యమును దానముచేసిరి. ఆ పల్లెలో ఇచ్చువారు వేరు, పుచ్చుకొనువారు వేరు అను భేదము లేకపోయెను. ఈ చిన్న శిబిరమునుండియే గొప్ప ఉద్యమము పుట్టెను.

సర్వోదయమను మాట మనకు క్రొత్తది కాదు. రస్కిన్ అను ఆంగ్ల రచయిత గ్రంథమొకదానిని గాంధీమహాత్ముడు 1908లో గుజరాతీలోనికి సంగ్రహించి, దానికి ‘సర్వోదయ’ అని పేరిడెను. అందరి అభ్యుదయమని ఆయన యుద్దేశము. ఆ మార్గముననే నడచిన వినోబాభావే 1951వ సంవత్సరము ఏప్రిలు 18వ తేదీన తెలంగాణములోని పోచంపల్లికి వచ్చినప్పుడు, హరిజనులు తమకు సాగుభూమి కావలెనని కోరిరి. వెదిరె రామచంద్రారెడ్డి అను భూస్వామి లేచి నూరెకరముల నిచ్చుటకు ముందుకు వచ్చెను. అదియే భూదానోద్యమమునకు నాంది. ఆరియరత్నె భారతదేశమునకు వచ్చి వినోబాను దర్శించెను. గాంధేయమార్గమును శ్రద్ధతో పరిశీలించెను. కాని దానిని ఉన్నదున్నట్లుగా తన దేశమునకు కొనిపోలేదు. బుద్ధుని బోధతో దానిని మేళవించెను. ‘ఉదయము’ అను పదమునకు మేలుకొనుట యని అర్థము చెప్పెను. బుద్ధుడనగా మేలుకొనినవాడు గదా! కావున సర్వోదయమనగా అందరును మేలుకొనుట. భూమిని దానము చేయుటకు భూమి యుండవలెను. శ్రమను దానము చేయుటకు రెండు చేతులున్న చాలును. అందుచేత శ్రమదానమున ధనికులును పేదలును సమానముగ పాల్గొనవచ్చును.

శ్రమదాన శిబిరమెట్లు జరుగునో తెలిసికొందము. పైవారు వచ్చి పని నిర్ణయించుట ఈ ఉద్యమపు పద్ధతి కాదు. ముందుగా ఊరివారు పిలువవలెను. కార్యకర్తలు కొందరు వచ్చి పెద్దలతోను, బౌద్ధ విహారమున నివసించు భిక్షువుతోను మాటలాడుదురు. ఊరివారందరు సమావేశమై తమకు ముఖ్యముగా కావలసినదేదో తామే నిర్ణయించుకొందురు. ఒక యూరికి బాట లేదు. రోగిని వైద్యుని యొద్దకు మోసికొనిపోవలసియున్నది. మరియొక యూరి చెరువు పూడిపోయినది. వేరొక యూరికి త్రాగునీటి నుయ్యి లేదు. పని నిర్ణయమైన పిమ్మట ఎవరు పనిముట్లు తెత్తురు, ఎవరు బియ్యమిత్తురు, ఎవరు వంటచేయుదురు, వచ్చినవారికెవరు బస చూపుదురు అను విషయములు నిశ్చయించుకొందురు. బియ్యమీయలేనివాడు కూరగాయలు తెచ్చును. అవియు లేనివాడు కట్టెలు కొట్టును. ఏమియు నీయకుండ మిగిలిపోవువాడు ఊరిలో ఒక్కడైన నుండరాదని వారి పట్టుదల.

శిబిరమునాడు ప్రాతఃకాలముననే అందరు ఒకచోట చేరుదురు. ఈ కూడికను వారు కుటుంబ సమావేశమందురు. మొదట పంచశీలములను స్మరింతురు. తమిళులున్నచోట హిందువుల ప్రార్థనయు, ముస్లిములు, క్రైస్తవులు ఉన్నచోట వారి వారి ప్రార్థనలును జరుగును. తరువాత అందరును కొన్ని నిమిషములు మౌనము వహించి మైత్రీధ్యానము చేయుదురు. తాను సుఖముగా నుండవలెను, తనవారు సుఖముగా నుండవలెను, తనకు గిట్టనివారును సుఖముగా నుండవలెను, సకల ప్రాణులు సుఖముగా నుండవలెను అని మనసున భావించుటయే ఆ ధ్యానము. అటుపిమ్మట పాటలు, ప్రసంగములు, ఆనాటి పని ముచ్చటలు సాగును. పిల్లలు, స్త్రీలు, వృద్ధులు ఎవరైనను లేచి మాటలాడవచ్చును. పెద్దల యెదుట ఏనాడును నోరు విప్పి యెరుగని పల్లెపడుచు లేచి, తమ వీధిలోని కష్టమును చెప్పినచో అందరును విందురు. ఇట్టి సమావేశములు దినమునకు రెండు మూడు మారులు జరుగును.

పని మొదలైన తరువాత జనులు వరుసగా నిలిచి, మట్టితట్టలను చేతినుండి చేతికి అందించుకొందురు. ఆ వరుసలో కాషాయవస్త్రములు ధరించిన భిక్షువుండవచ్చును. వాని ప్రక్కన కూలివాడు, ఆ ప్రక్కన విద్యార్థి, ఆవల ఉద్యోగి యుండవచ్చును. తట్ట వచ్చినప్పుడు అందుకొనవలెను, ప్రక్కవానికి అందీయవలెను. అక్కడ కులమడుగుటకు తీరిక లేదు. శిబిరమున ఒకరినొకరు చుట్టరికపు పేర్లతోనే పిలుచుకొందురు. సింహళ భాషలో పెద్దసోదరిని ‘అక్క’ యనియే యందురు. తమ్ముని ‘మల్లి’ యనియు, చెల్లెలిని ‘నంగి’ యనియు పిలుతురు. నిన్నటివరకు ముఖపరిచయమైన లేనివాడు నేడు తమ్ముడగును. తమ్ముడైనవానిని తట్ట మోయలేదని కసరుకొనుట కష్టము గదా!

ఇందు వేడుకయే కాదు, శాస్త్రమును గలదు. సంఘమును కలిపి నిలుపు గుణములు నాలుగని బుద్ధుడు బోధించెను. అవి దానము, ప్రియవచనము, అర్థచర్య, సమానత. తనకున్నది పంచుకొనుట దానము. మృదువుగా మాటలాడుట ప్రియవచనము. పదిమందికి ఉపయోగించు పనిచేయుట అర్థచర్య. ఎక్కువ తక్కువలు లేక మెలగుట సమానత. శిబిరమున పంచుకొను అన్నము, చుట్టరికపు పిలుపులు, వేయు బాట, ఒకే బంతి భోజనము ఈ నాలుగింటికిని ప్రత్యక్ష నిదర్శనములు.

మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అను నాలుగు భావములును బౌద్ధమున ప్రసిద్ధములు. వీనిని బ్రహ్మవిహారములందురు. సాధకుడు ఏకాంతమున కూర్చుండి వీనిని అభ్యసించుట పూర్వాచారము. ఆరియరత్నె వీనిని బయలునకు తెచ్చెను. సకల ప్రాణులయందును స్నేహభావము మైత్రి. ఆ స్నేహముచే ప్రేరితుడై, కష్టములోనున్నవాని కొరకు చేయి కదల్చుట కరుణ. పని ముగిసి, క్రొత్త నూతిలోని నీటిని ఒక తల్లి తోడుకొనుట చూచినప్పుడు కలుగు సంతోషము ముదిత. ఇక నాల్గవది ఉపేక్ష. మన భాషలో ఈ మాటకు అశ్రద్ధ యను అర్థము వాడుకలో నున్నది. బౌద్ధమున దీని యర్థము సమచిత్తము. ఎంతో శ్రమపడి వేసిన బాట ఒక్క పెద్దవానకు కొట్టుకొనిపోవచ్చును. మెచ్చుకొనవలసినవారు నిందింపవచ్చును. అప్పుడు క్రుంగక, పొగడ్తకు పొంగక, మరల పార చేతబట్టుటయే ఉపేక్ష. దీనిని పుస్తకమున చదివి నేర్చుకొనుట కష్టము. పనిలో నేర్చుకొనుట తప్పదు.

బుద్ధుని నాలుగు ఆర్యసత్యములను సైతము వారు పల్లెకు అన్వయించి చెప్పుదురు. ఊరికి దుఃఖమున్నది: రోగములు, దారిద్ర్యము, కలహములు. ఆ దుఃఖమునకు కారణమున్నది: స్వార్థము, అపనమ్మకము, అజ్ఞానము. ఆ కారణమును తొలగింపవచ్చును. తొలగించుటకు మార్గమున్నది, అది కలిసి నడచుట. నుదుటివ్రాత యని నిట్టూర్చుచు కూర్చుండిన పల్లెవారికి ఈ మాటలు క్రొత్త బలమునిచ్చినవి. మేము బాటను వేయుచుందుము, బాట మమ్ము తీర్చిదిద్దుచుండును అనునది ఈ ఉద్యమమువారి భావము.

శిబిరము ముగిసినంత మాత్రమున పని ముగియదు. ఊరిలో తల్లులు, పిల్లలు, యువకులు, రైతులు వేరువేరు సంఘములుగా ఏర్పడుదురు. చిన్నపిల్లలకు బడి, వారికి పుష్టికరమైన ఆహారము, పొదుపు, చేతిపనులు మున్నగునవి క్రమముగా మొదలగును. ఈ శిశువిద్యాలయములందు ఒక ముచ్చటయైన అలవాటు కలదు. ప్రతి బిడ్డయు అగ్గిపెట్టెలో పట్టునంత బియ్యమో, పప్పో ఇంటినుండి తెచ్చును. అన్నియు కలిపి అందరికొరకు వండుదురు. అగ్గిపెట్టెడు బియ్యము ఏ పేదయింటికిని భారము కాదు. కాని దానిని తన చేతులతో కుండలో పోసిన బిడ్డ ఆనాటి భోజనమున తానును ఒక దాత యని తెలిసికొనును. కనతొలువలో నీటిముంత నేర్పిన పాఠమునే ఇక్కడ అగ్గిపెట్టె నేర్పుచున్నది.

1969లో గాంధీజీ శతజయంతి వచ్చిన సందర్భమున నూరు గ్రామముల అభివృద్ధిని ఈ ఉద్యమము చేపట్టెను. ఆ సంవత్సరముననే ఆరియరత్నెకు రామన్ మెగసెసె పురస్కారము లభించెను. క్రమముగా ఉద్యమము దాదాపు 15,000 గ్రామములకు వ్యాపించెను. అంతమాత్రమున అంతయు సుఖముగా సాగినదని తలపరాదు. పెద్దదైన సంస్థకు పెద్ద ధనము కావలసివచ్చెను. విదేశముల సాయము పెరిగి, అది మరల తగ్గినప్పుడు ఇక్కట్లు కలిగెను. కొన్ని యూళ్లలో ఉత్సాహము చల్లారగా వేసిన బాటలను బాగుచేయువారు లేకపోయిరి. పండితులు కొందరు, పూర్వపు పల్లెలను ఆరియరత్నె ఉన్నదానికంటె అందముగా చిత్రించెనని విమర్శించిరి. ఆ విమర్శయందును సత్యము లేకపోలేదు.

కాని అన్నిటికంటె కఠినమైన పరీక్ష 1983వ సంవత్సరము జూలైలో ఎదురయ్యెను. సింహళీయులకును తమిళులకును మధ్య పెరుగుచు వచ్చిన వైరము అప్పుడు మంటలై లేచెను. కొలంబోలోను, ఇతర ప్రాంతములలోను తమిళుల యిండ్లు, అంగళ్లు దగ్ధములయ్యెను. అనేకులు ప్రాణములు కోల్పోయిరి. దౌర్జన్యము చేసినవారిలో బౌద్ధులమని చెప్పుకొనువారును ఉండిరి. ప్రతి ఉదయమున సకల ప్రాణులు సుఖముగా నుండవలెనని ధ్యానించినవారికి ఇప్పుడు ఆ మాట నిజమో కాదో తేల్చుకొనవలసిన సమయము వచ్చెను. సర్వోదయ కార్యకర్తలు బాధితులైన తమిళులకు ఆశ్రయము కల్పించి అన్నవస్త్రములు సమకూర్చిరి. ద్వీపమునకు దక్షిణముననున్న కతరగామనుండి ఉత్తరముననున్న నాగదీపమువరకు శాంతియాత్ర సాగింపవలెనని ఆరియరత్నె సంకల్పించెను. ప్రభుత్వము కోరికపై ఆ యాత్రను ఆరంభదశయందే నిలిపివేయవలసి వచ్చెను. అయినను సంకల్పము చావలేదు. అంతర్యుద్ధము సాగిన ఆ దీర్ఘకాలమున ఉద్యమమువారు శాంతియాత్రలను, సామూహిక ధ్యానములను జరుపుచునే యుండిరి. 2002వ సంవత్సరము మార్చి మాసమున ప్రాచీన రాజధానియైన అనురాధపురమున లక్షలకొలది జనులు చేరి, తెల్లని వస్త్రములు ధరించి, మౌనముగా కూర్చుండి శాంతికొరకు ధ్యానము చేసిరి.

ఆ ధ్యానమువలన యుద్ధము ఆగలేదు. అది 2009వ సంవత్సరమువరకు సాగి, ఎందరినో పొట్టనబెట్టుకొనెను. ఇది మనము దాచుకొనరాని సత్యము. కాని ద్వేషమే దేశభక్తిగా చెల్లుబాటగు కాలమున, పొరుగువాని క్షేమము కోరువారు లక్షలలో నున్నారని లోకమునకు తెలియుటయు అల్పవిషయము కాదు. 2004వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన సునామీ వచ్చి శ్రీలంక తీరగ్రామములను ముంచివేసినప్పుడు ఈ ఉద్యమపు కార్యకర్తలు బాధితులకు తోడ్పడిరి. కలిసి తట్టలు మోసిన అలవాటు అట్టి దినమున అక్కరకు వచ్చెను.

ఆరియరత్నె 1996లో భారత ప్రభుత్వపు గాంధీ శాంతి పురస్కారమును పొందెను. 2024వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన, తొంబదిరెండేండ్ల వయస్సున ఆయన పరమపదించెను.

విద్యార్థులారా! సెలవులలో ఒక ఉపాధ్యాయుడు తన శిష్యులను వెంటబెట్టుకొని ఒక పల్లెకు వెళ్లుటతో ఇంత కథ మొదలైనది. ఆ శిష్యులు మీవంటి విద్యార్థులే. వారియొద్ద ధనము లేదు, అధికారము లేదు. రెండు చేతులున్నవి. ఆ చేతులతో వారు పారను పట్టిరి. అవే చేతులు చాచి, ఎవ్వరును ముట్టని నీటిముంతను అందుకొనిరి. వీనిలో మొదటి పని కొంత బలమున్న ఎవరైనను చేయగలరు. రెండవదానికి గుండెబలము కావలెను. మీ ఊరిలోను, మీ బడిలోను ఇచ్చుటకు అవకాశము దొరకని చేయి ఏదైన నున్నదేమో చూడుడు. ఆ చేతినుండి ఏదైన నొకటి ఆదరముతో పుచ్చుకొనుడు. అదియు శ్రమదానమే.